రెండు గేర్లు చాలు

పోయిన వారం మనం మార్లా హెట్రిక్‌ని, రెండేసి కార్లు పక్కపక్కన పావు మైలు తిన్నగా పరిగెత్తే బీవర్‌క్రీక్ ట్రాక్ మీద, పొగ కమ్మేసిన కారులో వదిలి వచ్చాం. ఆ రోజు ఆఖరి పరీక్ష పరుగులో క్లచ్ పేలిపోయింది. అరచేయంత ఇనప ముక్క కారు అడుగుని చీల్చుకుని పైకొచ్చి, ఆమె ఎడమ మోకాలి పక్కనుంచి దూసుకుపోయి తలుపులో దిగబడింది. మార్లా తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ బయటికొచ్చింది. అంతవరకూ అదృష్టమే. కానీ ఆ కంగారులో ఆమె తండ్రి వెండెల్ ఒక మాట జారాడు. ఆ వెయ్యి గుర్రాల బలమున్న ఇంజను మీద ఎన్నాళ్ళుగానో కన్నేసిన రెక్స్ డన్‌లీవీ, కంచె అవతల నిలబడి, "ఇక చాలించు వెండెల్, ఆ ఇంజను నాకిచ్చేయ్" అని నవ్వాడు. వెండెల్‌కి ఒళ్ళు మండిపోయింది. "వచ్చే శనివారం నా కూతురు ఫైనల్‌కి చేరకపోతే నువ్వే వచ్చి విప్పుకుపో" అన్నాడు. అందరూ విన్నారు. ఇండియానాలో ఆ చుట్టుపక్కల వెండెల్ హెట్రిక్ మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. కూతురు ఆ మాటకి ఒక షరతు పెట్టింది. ఇక క్లచ్ ఉన్న కారు ఎక్కను, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెడితేనే నడుపుతాను, అంది. తండ్రి జవాబు చెప్పకుండా ట్రక్కెక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక ఎవరూ బట్టలు కూడా మార్చుకోలేదు. వెండెల్ గరాజ్‌లో కారు జాకీల మీద ఉంది. దాని కడుపులో ఖాళీ. పక్కన బల్ల మీద మూడు గేర్‌బాక్సులు వరసగా ఉన్నాయి. ఒకటి నిన్న బతికి బయటపడిన పాత నాలుగు గేర్లది, క్లచ్‌తో నడిచేది. మిగతా రెండూ ఆటోమేటిక్‌లు. ఒకదానికి మూడు గేర్లు, రెండోది అంతకంటే పొట్టిది, దానికి రెండే గేర్లు. ఆ రెంటినీ తెచ్చింది మార్లా మేనమామ లైల్. గేర్‌బాక్సులు విప్పి కట్టడమే అతని బతుకుతెరువు. బావ చూపు చూసి, తెచ్చిన ట్రక్కు ఇంజను ఆపాలా వద్దా అని కాసేపు ఆలోచించాడు.

"వాటిని నా బల్ల మీదనుంచి తియ్యి" అన్నాడు వెండెల్.

"నేను తెమ్మన్నాను నాన్నా."

"నువ్వు తెమ్మంటే మాత్రం? ఇది నా గరాజు. నా కారు. నలభై ఏళ్ళుగా గేరు చేత్తో మార్చాను. అదీ డ్రైవింగంటే. ఇదేంటి? కాలు చాపుకుని కూర్చుంటే అదే మారుస్తుంది. కునుకు తీసేవాళ్ళకి చేసింది ఇది. నీ స్కూలు బస్సుకి పెట్టుకో, బ్రహ్మాండంగా ఉంటుంది."

మార్లా ఉద్యోగం నిజంగానే స్కూలు బస్సు నడపడం. వారంలో ఐదు రోజులు మొక్కజొన్న చేల మధ్య దారుల్లో పిల్లల్ని ఎక్కించుకుని దించడం, ఆరో రోజు ట్రాక్ మీద పొగ లేపడం. ముప్ఫై మూడేళ్ళ మనిషి. తండ్రి గొంతు పెరిగితే తన గొంతు తగ్గించడం ఆమెకి చిన్నప్పటినుంచీ అలవాటు.

"సరే, బస్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ కారు సంగతి చెప్పు. మన టర్బో గాలి పీల్చి ఒత్తిడి ఎక్కించుకోడానికి ఎంత తిప్పలు పడుతుందో నీకు తెలుసు. నేను క్లచ్ తొక్కినప్పుడల్లా ఏమవుతుంది?"

వెండెల్ బల్ల మీద పానాలు సర్దసాగాడు. మార్లాయే చెప్పింది.

"కట్టుకున్న ఒత్తిడి అంతా వదిలేస్తుంది. మళ్ళీ మొదట్నించి కట్టాలి. ఒక పరుగులో మూడుసార్లు తొక్కుతాను, మూడుసార్లూ అంతే. ఆటోమేటిక్‌లో యాక్సిలరేటర్ మీదనుంచి కాలు ఎత్తే పనే లేదు. టర్బో ఊపిరి తెగదు."

"చెయ్యి తొందరగా కదిలితే ఏ ఊపిరీ తెగదు. నా చెయ్యి..."

"నీ చెయ్యి సంగతి నేను చెబుతాను."

గరాజు తలుపు దగ్గర ఆర్డిస్ నిలబడి ఉంది. వెండెల్ భార్య, మార్లా తల్లి. చేతిలో పళ్ళెం, అందులో మీగడతో చేసిన 'పై' అనే తీపి రొట్టె. చర్చికి పెట్టుకున్న ముత్యాల కమ్మలు ఇంకా తియ్యలేదు. రేసుల గురించి ఇంట్లో ఎంత గొడవ జరిగినా నోరు విప్పని మనిషి ఆమె. శాండ్‌విచ్‌లు కట్టిస్తుంది, గొడుగు పట్టుకుని కంచె దగ్గర నిలబడుతుంది, అంతే.

"ఆర్డిస్" అన్నాడు వెండెల్. గొంతులో ఎప్పుడూ లేని భయం. "వద్దు."

"వద్దంటే నలభై రెండేళ్ళు ఊరుకున్నాను. ఇక చాలు." ఆమె పళ్ళేన్ని రెండు గేర్‌బాక్సుల మధ్య పెట్టింది. "మార్లా, మీ నాన్న ఈ ఆటోమేటిక్‌లంటే ఎందుకు మండిపడతాడో ఎప్పుడైనా అడిగావా?"

"వాటికి పొగరు లేదంటాడు."

"పొగరు కాదు. ఒక దాని చేతిలో ఓడిపోయాడు. మా పెళ్ళికి ముందు ఏడు, బీవర్‌క్రీక్‌లోనే. ఈయనది కొత్త కారు, నాలుగు గేర్లు, కొత్త రంగు. పక్క లేన్‌లో మా నాన్న పందులకి దాణా మోసే పొడుగు బండి. ఆటోమేటిక్. వెనక రెండు బస్తాలు ఇంకా దించనేలేదు."

లైల్‌కి ఇదంతా తెలుసు. అతను గోడకేసి తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఆ దాణా బండి ఎవరు నడిపారు?" అంది మార్లా, జవాబు తెలిసిపోయినా.

"నేనే."

లైల్ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

"ఆ రోజు ట్రాక్ తడిగా ఉంది" అన్నాడు వెండెల్.

"ట్రాక్ పొడిగానే ఉంది. నీకు మూడో గేరు దొరకలేదు. గేరు కర్ర పట్టుకుని కలియబెడుతున్నావు, నేను పక్కనుంచి వెళ్ళిపోతూ చెయ్యి కూడా ఊపాను. ఆ సాయంత్రమే వచ్చి ఐస్‌క్రీమ్ తింటావా అని అడిగావు. పెళ్ళికి ముందు రోజు మాత్రం, 'ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాటివ్వు' అన్నావు. ఇచ్చాను. నాకేం పోయింది, గెలిచింది నేనని నాకు తెలుసు కదా అనుకున్నాను."

ఆర్డిస్ నవ్వుతూనే చెబుతోంది. ఉన్నట్టుండి ఆమె కారు దగ్గరికి నడిచి, తలుపులో ఇనప ముక్క చేసిన చీలిక మీద వేలు పెట్టింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

"నిన్న ఇది నా పిల్ల కాలికి ఇంత దూరంలో పోయింది వెండెల్. నీ పరువు కోసం ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. నా పిల్ల కాలు పోగొట్టుకోడానికి మాత్రం మూసుకోను."

వెండెల్ తల దించుకున్నాడు. పెద్ద చేతులు, గోళ్ళ సందుల్లో ఎన్ని సబ్బులకీ వదలని మసి. ఆ చేతులు రెండూ పాత నాలుగు గేర్ల పెట్టె మీద పెట్టి, పసిపిల్లని నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. తర్వాత దాన్ని ఎత్తి కింద పెట్టాడు. అంత బరువు ఆ వయసులో ఎత్తకూడదు. లైల్ సాయం వస్తే మోచేత్తో తోసేశాడు.

"రాత్రంతా నాకు నిద్ర లేదు" అన్నాడు కూతురితో. "ఆ చప్పుడే వినిపిస్తోంది. నాకు తెలుసమ్మా, నువ్వు చెప్పేది నిజమని. ఒప్పుకోడానికి నోరు రాలేదు."

మార్లా వెళ్ళి తండ్రి పక్కన భుజం ఆనించి నిలబడింది. ఆ ఇంట్లో కౌగిలింతలు తక్కువ. భుజానికి భుజం ఆనిస్తే అదే చాలా ఎక్కువ.

ఆర్డిస్ ఆ మీగడ రొట్టెని ముక్కలు కోసింది. అందరూ నిలబడే తిన్నారు. సగం తిన్నాక వెండెల్ మళ్ళీ వెండెల్ అయ్యాడు.

"సరే. ఆటోమేటిక్కే. కానీ మూడు గేర్లది పెడదాం. రెండు గేర్లంటే మరీ ట్రాక్టరు కంటే కనాకష్టం."

"నేనూ అదే అంటాను" అన్నాడు లైల్. "దీని మొదటి గేరు చాలా బలమైంది మార్లా. బండి బరువు మూడు వేల పౌన్ల పైనే. నిలుచున్నచోటునుంచి లేచేటప్పుడు తొయ్యాలి కదా. రెండు గేర్లదాంట్లో మొదటి గేరుకి అంత తోపు లేదు. తేలిక బండ్లకయితే సరిపోతుంది."

"మనం ఈ ఏడు ఎన్ని ఓడిపోయాం మావయ్యా, ఎలా ఓడిపోయాం?"

"ఎలా అంటే... చక్రాలు తిరిగిపోయి."

"అదే. బయల్దేరే లైన్ దగ్గర చక్రాలు ఉన్నచోటే తిరిగి పొగ లేపాయి, పక్కవాడు వెళ్ళిపోయాడు. మన పోటీ తరగతిలో ఇంతకంటే వెడల్పు టైరు వెయ్యనివ్వరు. మనం బలం తక్కువై ఓడిపోలేదు నాన్నా. ఎక్కువై ఓడిపోయాం. దానికి ఇంకా బలమైన మొదటి గేరు పెడితే ఇంకా ఎక్కువ పొగ వస్తుంది, అంతే."

వెండెల్ చెంచా నోట్లోనే ఉండిపోయింది.

"పైగా శనివారం చలి. ట్రాక్ బాగా చల్లబడితే టైరు అస్సలు పట్టదు. మెత్తగా లేచే గేరు కావాలి మనకి. లేచాక ఇంజను దగ్గర బలానికేం కొదవ? రెండు గేర్లు, ఒక్క మార్పు. తిరిగే ముక్కలు తక్కువ, విరిగే ముక్కలూ తక్కువే. దీన్ని తిప్పడానికి ఇంజను తినే బలం కూడా తక్కువ."

లైల్ చేతిలో పళ్ళెం పక్కన పెట్టాడు. పొట్టి పెట్టె దగ్గరికి వెళ్ళి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇంజనుకీ దీనికీ మధ్య నూనెతో తిరిగే గిన్నె ఉంటుంది చూడు, కన్వర్టరు. దాన్ని మాత్రం కొంచెం వదులుగా కట్టాలి. టర్బో పుంజుకునే దాకా ఇంజనుని తిరగనిచ్చి, అప్పుడు పట్టుకునేలా. బిగుతుగా కడితే లైన్ దగ్గరే నిద్రపోతుంది. మరీ వదులుగా కడితే చివర్లో జారిపోతుంది."

"కట్టగలవా?"

"కట్టగలవా అని నన్నడుగుతున్నావా?" అన్నాడు లైల్ బాధపడినట్టు మొహం పెట్టి. "బావా, విన్నావా నీ కూతురి మాట?"

"విన్నాను" అన్నాడు వెండెల్. "వాళ్ళమ్మ పోలిక."

ఆ వారమంతా గరాజు దీపం ఆరలేదంటే ఆరలేదు. కారు అడుగున చీలిన రేకు కోసి కొత్తది అతికారు. వెండెల్ స్వయంగా క్లచ్ పెడల్ విప్పి తీశాడు. ఆ పెడల్ ఉన్నచోట ఖాళీగా మిగిలిన నేలని చాలాసేపు చూసి, అక్కడ మార్లా ఎడమ పాదం ఆనించుకోడానికి ఒక పలక బిగించాడు. ఎవరూ అడగలేదు. స్టీరింగ్ మీద ఎర్ర బటన్ ఒకటి పెట్టారు. మొదటి గేరులో అది నొక్కి పట్టుకుంటే గేర్‌బాక్సు లోపల్లోపలే బిగుసుకుపోయి బండి కదలదు, ఇంజను మాత్రం ఒత్తిడి కడుతూ ఉంటుంది. వేలు ఎత్తగానే బండి ఎగురుతుంది.

శనివారం బీవర్‌క్రీక్‌లో ఊపిరి వదిలితే ఆవిరి కనిపిస్తోంది. పందిమాంసం శాండ్‌విచ్‌ల బండి ముందు అందరూ చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. మార్లా మొదటి రెండు రౌండ్లు గెలిచింది, కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకడి ఇంజను ఆగిపోయింది, ఇంకొకడు బయల్దేరమనే పసుపు దీపం కంటే ముందే కదిలి ఓడిపోయాడు, మార్లా పూర్తిగా తొక్కే అవసరమే రాలేదు. అసలు పరీక్ష సెమీఫైనల్లో వచ్చింది. పక్క లేన్‌లో రెక్స్ డన్‌లీవీ.

రెక్స్ వరసలో నిలబడి ఉన్న హెట్రిక్‌ల కారు దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. వంగి కిటికీలోంచి లోపలికి చూశాడు.

"ఏంటి మార్లా, స్కూలు బస్సనుకున్నావా, పెడల్ ఒకటి ఎక్కడో పారేసుకున్నట్టున్నావ్?"

"దొరికితే చెప్పు రెక్స్."

"రెండు గేర్లటగా? నాది మూడు. ఇంకోటి కావాలంటే అప్పిస్తాను." వెనక్కి తిరిగి వెండెల్‌తో అన్నాడు. "ఇంజను ఎత్తే గొలుసు ట్రక్కులోనే తెచ్చుకున్నాను పెద్దాయనా. మళ్ళీ రెండోసారి రావడమెందుకని."

వెండెల్ ఏదో అనబోయాడు. అంతలో ఆర్డిస్ భర్త చెయ్యి పట్టుకుంది. "పోనీలే రెక్స్, గొలుసు తెచ్చుకోవడం మంచిదే" అంది చల్లగా. "నీ మొహం వేలాడిపోతే ఎత్తి కట్టుకోవచ్చు."

వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. రెక్స్ చెవులు ఎర్రబడ్డాయి.

రెండు కార్లూ లైన్ దగ్గరికి వచ్చాయి. మార్లా ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంది. కాలు పూర్తిగా తొక్కింది. ఇంజను గొంతు పెరిగింది, టర్బో సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది, ఈల చిక్కబడింది. కారు నిలుచున్నచోటే ఒణికింది. ఇన్నేళ్ళలో లైన్ దగ్గర ఆమె రెండు కాళ్ళూ రెండు చేతులూ నాలుగు పనులు చేసేవి. ఇప్పుడు ఒక్క వేలు. మనసంతా దీపం మీదే పెట్టొచ్చు. పసుపు దీపాలు వెలిగాయి.

వేలు ఎత్తింది.

కుడి పక్కన రెక్స్ కారు ముక్కు పైకి లేచింది, వెనక చక్రాలు తెల్లగా పొగ కక్కాయి. చల్లటి ట్రాక్ ఆ మొదటి గేరు బలాన్ని తట్టుకోలేకపోయింది. మార్లా కారులో ఏ అరుపూ లేదు. వెనకనుంచి ఎవరో పెద్ద అరచేత్తో మెల్లగా మొదలుపెట్టి తోస్తూనే ఉన్నట్టుంది. టైర్లు నేలని కరుచుకున్నాయి. ఆమెకి నమ్మకం కలగలేదు. ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేవలేదు. రెక్స్ అద్దంలో చిన్నవాడై పోయాడు. గేరు మారింది. ఒక్క మార్పు, టర్బో ఈల తెగనే లేదు. అప్పుడు వెయ్యి గుర్రాలూ ఒక్కసారిగా దొరికాయి. వీపు సీటుకి అతుక్కుపోయింది, కంచె, జనం, ఆకులు రాలిన చెట్లు అన్నీ ఒక గీతయిపోయాయి. హెల్మెట్ లోపల ఆమె గట్టిగా నవ్వుతోందని ఆమెకే చాలాసేపటికి తెలిసింది.

ఆమె లేన్ చివర గెలుపు దీపం వెలిగింది.

తిరిగొచ్చేసరికి వెండెల్ దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. టోపీ లేదు, ఎటో విసిరేశాడు. కారు ఆగకముందే కిటికీలోంచి తలకాయ దూర్చి కూతురి హెల్మెట్‌ని రెండు చేతుల్తో పట్టుకుని ఊపేశాడు. ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్కా వినపడలేదు. లైల్ నేల మీద కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకుంటున్నాడు. రెక్స్ ఎదురుగా వచ్చి హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"బస్సు కాదది" అన్నాడు. "ఇంజను మీ దగ్గరే ఉండనీ." చెయ్యి చాపాడు. వెండెల్ ఆ చెయ్యి అందుకుని గట్టిగా ఊపాడు.

ఫైనల్! హెట్రిక్‌ల కారు ఎన్నేళ్ళ తర్వాతో ఫైనల్లో ఉంది. అందరూ వచ్చి వీపు తడుతున్నారు. ఆ గుంపుని తప్పించుకుంటూ పెర్ల్ నార్క్విస్ట్ వచ్చింది. బండ్లన్నిటినీ తనిఖీ చేసే మనిషి, అందరూ ఇష్టపడే మనిషి. చేతిలో పరుగు టైము అచ్చువేసిన చీటీ ఉంది. మొహంలో సంతోషం లేదు.

"మార్లా, ఎంత వచ్చిందో చూశావా?"

మార్లా చీటీ చూసింది. మళ్ళీ చూసింది. తొమ్మిది సెకన్లకి అటూ ఇటూ పరిగెత్తే కారు ఎనిమిదీ పాయింటు నలభై ఆరు సెకన్లకే వచ్చింది.

"అబ్బ!" అన్నాడు లైల్.

"అబ్బ కాదు" అంది పెర్ల్. "ఎనిమిదిన్నర సెకన్ల కంటే తక్కువలో పోయే కారుకి లోపలి పంజరం ఇంకా గట్టిది ఉండాలి. బండి తిరగబడితే డ్రైవర్ని కాపాడేది అదే కదా. వెండెల్ కట్టిన పంజరం మంచిదే, కానీ ఎనిమిదిన్నర దాకానే. మొదటిసారి కాబట్టి ఈ పరుగు చెల్లుతుంది. ఫైనల్లో మళ్ళీ ఎనిమిదిన్నర కిందికి వచ్చావో, గెలిచినా గెలవనట్టే. నాకిష్టమై చెప్పట్లేదమ్మా."

"కెంటకీ వాడు ఎంతలో పోతున్నాడు?" అడిగాడు వెండెల్. ఫైనల్లో అవతలి లేన్‌లో ఉండేది కెంటకీ నుంచి వచ్చిన నీలం కారు.

"ఎనిమిదీ పాయింటు యాభై ఐదు. ప్రతిసారీ."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిదిన్నరకీ ఎనిమిదీ యాభై ఐదుకీ మధ్య ఉన్నది కన్నార్పేపాటి సందు. ఆ సందులోంచి దూరాలి.

"టర్బో ఒత్తిడి తగ్గిద్దాం" అన్నాడు లైల్.

"ఎంత తగ్గిస్తే ఎంత వస్తుందో ఎప్పుడైనా చూశామా? ఎక్కువ తగ్గితే వాడి వెనక పడతాం." మార్లా కళ్ళు మూసుకుంది. మైకులో ఫైనల్ పిలుపు వినిపించింది. ఆమె కళ్ళు తెరిచి హెల్మెట్ పెట్టుకుంది. "మొదటి గేరు వాడను. రెండో గేరులోనే లేస్తాను. లేచేటప్పుడు కొంచెం బద్ధకిస్తుంది, ఆ తర్వాత ఆపేవాడు లేడు. ఆ బద్ధకమే మనకి కావాలి."

"రెండో గేరులో నీ ఎర్ర బటన్ పని చెయ్యదు పిల్లా!" లైల్ అరిచాడు. "ఆ బలాన్నంతా బ్రేకు మీద కాలుతో పట్టుకోవాలి. ఆగదు!"

"నాకిప్పుడు ఎడమ కాలు ఖాళీయే కదా."

వెండెల్ కూతురి బెల్టులు తానే బిగించాడు, ఒక్కొక్కటీ లాగి చూసి, తలుపు వేశాడు.

మార్లా లైన్ దగ్గరికి వచ్చింది. గేరు కర్రని రెండులోకి నెట్టింది. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు మెల్లగా కిందికి. ఇంజను గొంతు పెరిగింది. టర్బో ఈల మొదలైంది. కారు బరువంతా ఆమె ఎడమ పిక్కలోకి వచ్చి కూర్చుంది, తొడ ఒణికింది. పక్కన నీలం కారు సిద్ధంగా ఉంది. ముందు చక్రం రెండు అంగుళాలు జరిగితే చాలు, ముందే కదిలినందుకు ఎర్ర దీపం, అన్నీ అయిపోయినట్టే. ఆమె ఇంకా గట్టిగా తొక్కింది.

పసుపు దీపం ఇంకా వెలగలేదు. ముందు చక్రం మెల్లగా, చాలా మెల్లగా, జరగడం మొదలుపెట్టింది.